మూడు వందల మంది ఊరు

స్విట్జర్లాండు దక్షిణాన వాలిస్ రాష్ట్రంలో లోట్షెన్ అనే ఇరుకైన లోయ ఉంది. అందులోని నాలుగు గ్రామ పంచాయతీలలో అన్నిటికన్నా ఎగువనున్నది బ్లాటెన్. సముద్రమట్టానికి 1,540 మీటర్ల ఎత్తున, లోన్‌జా నది ఒడ్డున వెలసిన ఊరది. పంచాయతీ విస్తీర్ణం సుమారు 90 చదరపు కిలోమీటర్లు. జనాభా 2025 నాటికి దాదాపు 300 మాత్రమే. మన ఊళ్లలో ఒక వీధి జనమంత! భూమిలో అధిక భాగం కొండరాయి, మంచు. మిగిలిన పచ్చిక మీదనే పశువులు, గడ్డి కోత. తోడుగా యాత్రికుల రాక. ఎండకు నల్లబడిన చెక్క ఇండ్లు, వాటి నడుమ ఒక చర్చి. వారి భాష జర్మన్.

ఊరికెదురుగా 3,934 మీటర్ల బీచ్‌హార్న్ పర్వతం, దాని ఒడిలో బిర్చ్ హిమానీనదం ఉండేవి. 2025 మే నెలలో ప్రక్కనున్న శిఖరం నుండి బండలు విరిగి ఆ మంచు మీద పడసాగాయి. బరువుకు మంచు ముందుకు జరిగింది. దానిని కనిపెట్టి చూస్తున్న నిపుణుల మాట విని, మే 19న అధికారులు ఊరంతటినీ ఖాళీ చేయించారు. పశువులను కూడ విడిచిపెట్టలేదు. కుంటుతున్న ఒక ఆవునైతే హెలికాప్టరు సాయంతో దాటించారు. రైతుకు ఆవంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా?

మే 28 మధ్యాహ్నం అంతా కూలింది. ఊరిలో నూటికి తొంబై వంతులు, చర్చితో సహా, పూడిపోయింది. నదికి అడ్డుపడి, మిగిలిన ఇండ్లను నీరు ముంచింది. ప్రాణనష్టం ఒక్కరు. తొమ్మిది రోజుల ముందు కదలకపోయి ఉంటే?

ఊరివారు చుట్టుప్రక్కల గ్రామాలలో తలదాచుకొని, తమ పంచాయతీలోనే మళ్లీ ఇండ్లు కట్టుకోవాలని నిశ్చయించుకున్నారు. పై వాలులోని వైస్సెన్‌రీడ్ పల్లె మాత్రం చెక్కుచెదరక నిలిచింది.