ఎవరి తాలూకు?

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని వాషింగ్టన్‌లో ఎక్కడ తిప్పినా కాళ్ళు లాగేస్తాయి. నేషనల్ గ్యాలరీకి మాత్రం టికెట్ లేదు, లోపల చల్లగా ఉంటుంది. పోయిన వేసవిలో మా పెద్దమ్మని అక్కడికే తీసుకెళ్ళాను. వెనిస్ చిత్రకారుడు టియెపోలో వేసిన మూడుమూలల నల్లటోపీ అమ్మాయి ముందు ఆగి, "ఎవరి తాలూకురా ఈ పిల్ల?" అంది. ఎవరో తెలీదన్నాను. "పేరు లేకుండా బొమ్మ వేయించుకునేంత పిచ్చిదా!" అని కొట్టిపారేసింది.

వేయించుకుంటే కదా! దొరలూ దొరసానులూ డబ్బిచ్చి తమ మొహాలు వేయించుకునే 18వ శతాబ్దపు వెనిస్‌లోనే, ఊహలోంచి పుట్టిన మొహాలకీ గిరాకీ ఉండేది. గడ్డపు పండితుడు, తలపాగా తూర్పుదేశస్థుడు, మేలిముసుగు అందగత్తె. కొనేవాడికి మొహం కావాలి, మనిషితో పనిలేదు.

ఆ ఊళ్ళోనే పియాజెట్టా అనే చిత్రకారుడు నీలం కాగితం మీద నల్లసుద్దతో తలలు గీసి, వెలుగు పడేచోట తెల్లసుద్ద అద్దేవాడు. ఆ నీలం చాలావాటిలో వెలిసి మట్టిరంగుకి తిరిగింది. భార్య రోజానీ, కొడుకు జాకొమోనీ కూర్చోబెట్టి గీసేవాడంటారు. ఇంట్లో పేరున్నవాళ్ళే, కాగితం మీదికి రాగానే ఎవరూ కాకుండా పోయారు.

నాకు మటుకు టియెపోలో ముసలాళ్ళంటేనే ఇష్టం. ఆ తలలనే కొడుకు జాన్‌డొమెనికో రాగిరేకుల మీద చెక్కి, 1770లో తండ్రి పోయాక రెండు భాగాలుగా 60 అచ్చువేశాడు. గడ్డం దగ్గరగా చూడండి. వెంట్రుకకో గీత ఉండదు. నాలుగు వంకరగీతలు, మధ్యలో వదిలేసిన కాగితం. ఆ వదిలేసిందే నెరుపు.

నా పేచీ అంతా ఇలాంటి మొహాలే వేసిన ఇంకో చిత్రకారుడు రొటారితోనే. వెరోనావాడు, 1756లో రష్యా వెళ్ళి మహారాణి ఎలిజబెత్ కొలువులో కుదురుకుని, 1762లో అక్కడే పోయాడు. పొట్టకోసం దేశం దాటినవాణ్ణి నేనే తప్పుపట్టడం బాగుండదు గానీ, పీటర్‌హోఫ్ రాజభవనంలో ఒక గది గోడలనిండా ఆయన మొహాలే, 368! ఫొటోల్లోనే చూశాను. కునుకు తీసేది ఒకత్తె, పుస్తకం పట్టుకున్నది ఒకత్తె, ముసిముసిగా నవ్వేది ఇంకొకత్తె. విడివిడిగా ముచ్చటే, గోడంతా కలిపితే పెళ్ళిళ్ళ పేరయ్య దగ్గరి ఫొటోల కట్ట. గంటలకొద్దీ కదలకుండా కూర్చుని నడుం పట్టేసి, ఇంక చాలు మహాప్రభో అనే మొహం అందులో ఒక్కటీ నాకు కనబడలేదు.