పది రూపాయల టిక్కెట్టు, పావు వంతు పాసు

నేను మొదటిసారి రైలెక్కింది డిగ్రీ పాసైన తర్వాత. ఇది చెబితే భీమవరం స్నేహితులు నవ్వుతారు. మన హాస్టల్లో చదివిన వాళ్ళెవరూ నవ్వరు. మన కోనసీమలో రైలు పట్టాలెక్కడ ఉన్నాయి? బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల్లో, 2000–01లో కోటిపల్లి – నర్సాపురం లైను మంజూరైంది. అప్పటికి నేను పుట్టనే లేదు. 2025 వచ్చినా ఆ లైను పూర్తికాలేదు. గోదారి పాయల మీద వంతెనలు కట్టాలి కదా, ఆలస్యమవుతుందంటారు పెద్దలు. కాబట్టి మనకు రైలు కావాలంటే ముందు గోదారి దాటాలి.

భీమవరంలో పి.జి. సీటు వచ్చినప్పుడు మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న "రోజుకి ఎంతవుద్దిరా?" అని. నాన్న కొబ్బరి దింపు పనికి వెళ్తాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాడిని నేనే. అక్కడ ఉండటానికి గది అద్దె మా వల్ల కాదు. రోజూ సఖినేటిపల్లి రేవులో పంటు దాటి, నర్సాపురం స్టేషన్‌కు నడిచి, రైల్లో భీమవరం వెళ్ళి రావాలి. ఎంతవుతుందో నాకూ తెలియదు. "చూద్దాం నాన్నా" అన్నాను.

మొదటి రోజు కౌంటర్ దగ్గర "భీమవరం ఒకటి" అన్నాను. "ఏ బండికి?" అని అడిగారు. బండ్లలో రకాలుంటాయని నాకేం తెలుసు? పెద్దగా చదువుకున్నవాడిలా ఉండాలని "ఎక్స్‌ప్రెస్" అనేశాను. 30 రూపాయలు తీసుకున్నారు. తీరా నేను ఎక్కింది ప్యాసింజరు. సాయంత్రం తిరుగు టిక్కెట్టూ అలాగే అడిగి తీసుకున్నాను. రోజుకు 60, నెలకు పాతిక రోజులంటే 1500. ఇక పంటు డబ్బులు వేరే. ఆ రాత్రి నోటు పుస్తకం వెనుక పేజీలో ఈ లెక్క వేసి, చదువు మానేద్దామా అనుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

మూడో రోజు చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దమ్మ నా చేతిలో టిక్కెట్టు చూసి "ఎంతయ్యా?" అంది. "ముప్పై." "ఓరి నీ చదువు కూలా! పాసింజరుకి పదేనయ్యా. రోజూ తిరిగే వోడివి సీజను తీసుకోవా?" అంది. పెట్టెలో అందరూ నవ్వారు. సిగ్గేసింది గాని, ఆ మాటే నన్ను కాపాడింది.

ఆమె చెప్పినది నిజం. కరోనా తర్వాత ప్యాసింజరు బండ్లకు కూడా ఎక్స్‌ప్రెస్ ఛార్జీ పెట్టి కనీసం 30 తీసుకునేవారు. 2024 ఫిబ్రవరిలో దాన్ని మళ్ళీ 10 చేశారు. కనుక కౌంటర్‌లో "ప్యాసింజరుకు" అని నోరు తెరిచి అడగండి. అయితే పది రూపాయల టిక్కెట్టుతో ఎక్స్‌ప్రెస్ ఎక్కకూడదు.

ఇక సీజన్ సంగతి. నెల పాసు, మూడు నెలల పాసు ఉంటాయి. మూడు నెలలది తీసుకుంటే మూడు విడి నెలల కంటే కొంచెం కలిసొస్తుంది. అసలు విషయం ఏమిటంటే, విద్యార్థులకు ఇందులో సగం రాయితీ ఉంది. ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు 75 శాతం, అంటే పావు వంతు కడితే చాలు. రైల్వే వాళ్ళ రాయితీ ఫారం మీద ప్రిన్సిపాల్ సంతకం, సీలు ఉండాలి. కులధ్రువీకరణ పత్రం, ఫొటో, వయసు కాగితం దగ్గర పెట్టుకోండి. వయసు మనకు 27 దాకా, మిగతా వాళ్ళకు 25 దాకా.

మా కాలేజీ ఆఫీసులో ఈ ఫారం అడిగితే "అలాంటివేం లేవు" అన్నారు. నాలుగుసార్లు తిరిగాను. అయిదోసారి బీరువా అడుగు అరలో పుస్తకం దొరికింది, దుమ్ము కొట్టుకుని ఉంది. నా ముందు అందులోంచి చిరిగిన కాగితాలు నాలుగో అయిదో. అంతమందిమి రోజూ రైల్లో వెళ్తుంటే నలుగురైదుగురే!

పాసు చేతికొచ్చిన రోజు నాన్నకు చూపించాను. నెలకు నేను కట్టింది ఆయన ఒక పూట కూలి కంటే తక్కువ. నమ్మలేదు, కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇప్పుడు నాకు రైలు కంటే పంటుకే ఎక్కువ అవుతోంది. గోదారికి మాత్రం రాయితీ లేదు!

తప్పు కూడా చేశాను. ఒకరోజు పరీక్షకు ఆలస్యమవుతోందని సూపర్‌ఫాస్ట్ బండిలో రిజర్వేషన్ పెట్టె ఎక్కాను. పాసు చూపిస్తే టి.సి. గారు తల అడ్డంగా ఊపారు. 250 రూపాయల జరిమానా, పైన ఛార్జీ. రెండు నెలల పాసు డబ్బు కంటే ఎక్కువ పోయింది. సూపర్‌ఫాస్ట్‌కు పాసు మీద అదనపు ఛార్జీ కట్టాలి, రిజర్వేషన్ పెట్టెలో పాసు చెల్లదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మన హాస్టల్లో నా పక్క ట్రంకు పెట్టె ఒకడిది. లెక్కల్లో నాకంటే చురుకు. వాడికీ భీమవరంలోనే పి.జి. సీటు వచ్చింది. నాకంటే ముందే చేరి, నెల రోజులు బస్సులో తిరిగి, ఛార్జీలకు అప్పుచేసి, మానేశాడు. ఇప్పుడు రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా. నాకు సీజన్ గురించి తెలిసేసరికి వాడు మానేసి మూడు వారాలైంది. వెళ్ళి చెప్పాను. "ఇప్పుడు చెప్పి ఏం లాభంరా" అన్నాడు గాని కోపంగా కాదు.

వాడి తమ్ముడు ఈ ఏడాది మన హాస్టల్లోనే పదో తరగతి. ఇంటర్ పాలకొల్లులో చదవాలని ఉందట. అబ్బాయిలకు ఇంటర్ దాకా, అమ్మాయిలకు డిగ్రీ దాకా ఇంటి నుంచి చదువుకునే చోటికి నెల పాసు పూర్తిగా ఉచితం. తమ్ముడూ, వార్షికోత్సవం రోజు నేను వస్తున్నాను. నీ స్టడీ సర్టిఫికెట్, రెండు ఫొటోలు తీసి ఉంచు. జూన్‌లో ఆఫీసుకు ఇద్దరం కలిసే వెళ్దాం. "లేవు" అంటే ఏ అరలో వెతకమనాలో నాకు తెలుసు.