మెంఫిస్ పొగలో మగ్గిన రుచి

మెంఫిస్ అనగానే మన పాటల పిచ్చివాళ్లకి ముందుగా గుర్తొచ్చేది ఎల్విస్ ప్రెస్లీ. 1977లో ఆయన పోయినా, ఆయన ఇల్లు గ్రేస్‌లాండ్ దగ్గర ఇప్పటికీ తిరనాళ్లే! అయితే మిసిసిపీ నది ఒడ్డునున్న ఆ టెనెస్సీ పట్నంలో ఇంకో స్టార్ ఉన్నాడండీ. పొగ మీద కాల్చిన పంది పక్కటెముకల మాంసం! వాళ్ల మాటల్లో రిబ్స్. 1978 నుంచి దీనికి ఏకంగా ప్రపంచ పోటీలే పెడుతున్నారు.

ఈ రిబ్స్‌ని ఎలా కాల్చాలన్న దాని మీద అక్కడ తెగని తగువొకటుంది. కట్టెల పొయ్యి మీది పప్పు రుచే వేరని అత్తగారూ, గ్యాసు పొయ్యి మీద మాత్రం ఏం తక్కువని కోడలూ వాదించుకోరూ? అచ్చం అలాంటిదే.

ముందు అత్తగారి పక్షం వినండి. ఇటుకలతో కట్టిన పొడవాటి పొయ్యి. హికరీ కట్టెల్ని పక్కన విడిగా మండించి, నిప్పులయ్యాక పారతో ఎత్తి మాంసం కింద పరుస్తారు. వేడి 107 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర నిలవాలి. అయిదారు గంటలు కాచుకోవాలి. ఎముకను పట్టుకున్న గట్టి నార సన్న సెగకే కరిగి జిగురవుతుంది మరి! తొందరపడి మంట పెంచారో, పైన మాడు, లోపల చెప్పుతోలు. పొగ తెల్లగా, దట్టంగా లేస్తే మాంసం చేదెక్కుతుంది. పల్చగా, కాస్త నీలంగా రావాలి. అది కనిపెట్టి చూసుకునే మనిషి పొయ్యి వదిలి కదలకూడదు. అమెరికా దక్షిణాదిలో ఈ విద్యను నిలబెట్టింది ఎక్కువగా నల్లజాతి వంటవాళ్లు. బానిసత్వపు రోజుల్లో నిప్పుల గుంటల దగ్గర రాత్రంతా మేలుకున్నదీ వాళ్లే. తెర మీద మాత్రం వాళ్ల పేర్లు పడలేదు!

ఇక కోడలి పక్షం. ఓరెగన్ రాష్ట్రంలో జో ట్రేగర్ అనే ఆయన, రంపపు పొట్టును అదిమి చేసిన గుళికలతో మండే పొయ్యికి 1986లో పేటెంటు పుచ్చుకున్నాడు. మర గుళికల్ని కాసినికాసిని తోస్తుంది, ఫ్యాను ఊదుతుంది, వేడి సంగతి థర్మోస్టాటు చూసుకుంటుంది. ఇప్పుడైతే మంచం మీద పడుకుని సెల్‌ఫోన్‌లోనే సెగ తగ్గించుకోవచ్చు! దీనికి తోడు ‘మూడు-రెండు-ఒకటి’ లెక్క ఒకటుంది. మూడు గంటలు పొగ, రెండు గంటలు అల్యూమినియం రేకులో చుట్టి మగ్గబెట్టడం, ఆఖరి గంట సాసు పూసి కాల్చడం. కొత్తవాళ్లు కూడా చెడగొట్టలేరు. కాకపోతే గుళికలు శుభ్రంగా మండుతాయి గనక పొగ ఘాటు తగ్గుతుంది. రేకులో మగ్గితే పైపెచ్చు కరకర పోతుంది.

అసలు తమాషా ఏమిటంటే, ఇవాళ మెంఫిస్ సంప్రదాయమని అందరూ చూపించే రాండెవూ హోటలు ఈ రెండు పక్షాల్లోనూ లేదు! గ్రీకు సంతతివాడైన చార్లీ వెర్గోస్ 1948లో ఓ సందులో మొదలెట్టిన హోటలది. నేలమాళిగలో, ఒకప్పుడు బొగ్గు దింపుకునే పాత గొట్టం ఆయన కంటపడింది. పొగ పోయే దారి దొరికింది కదా అని అక్కడే కాల్పులు మొదలెట్టాడు. కట్టెలు లేవు, బొగ్గులే. గంటా గంటన్నరలో పని పూర్తి. వెనిగరు నీళ్లు తడిపి, ఎర్రటి మసాలా పొడి చల్లి, సాసు లేకుండా వడ్డిస్తారు. పాతకాలం వాళ్ల లెక్కలో అది అడ్డదారే. ఆ అడ్డదారే ఇప్పుడు రాజమార్గమై కూర్చుంది!

మరి మర పొయ్యి కూడా రేపటి సంప్రదాయం అవుతుందా? ఆ పొగ మధ్య నిలబడి కళ్లూ, ఊపిరితిత్తులూ పాడుచేసుకోమని ఎవరికీ చెప్పలేం. ఇంట్లో వండుకునేవాడికి గుళికల పొయ్యి వరమే. కానీ కట్టెలైనా, బొగ్గులైనా, పాత హోటళ్లన్నిటికీ పేరు తెచ్చింది ఒకటే: నిప్పు దగ్గర ఓ మనిషి నిలబడ్డాడు. ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు తీయాలో వాడి కంటికి తెలుసు. వాడు ఇంటికి వెళ్లిపోతే ఆ విద్య మరలో మిగలదు.

మీరెప్పుడైనా అటు వెళితే గ్రేస్‌లాండ్ ఒక్కటే చూసి తిరిగి రాకండి. ఏ హోటల్లో తిన్నా, పొయ్యి ఎవరు చూసుకుంటున్నారో అడగండి. మనిషే అయితే, చేతులు కడుక్కుని వెళ్లి బాగుందని ఓ మాట చెప్పి రండి. మర పొయ్యికి ఆ మాట అక్కర్లేదు గానీ, మనిషికి కావాలి.