గడ్డిపరక పట్టిన బాలుడు

నిజామాబాదు నగరంలోని కంఠేశ్వర్ ప్రాంతానికి ఆ నామం అక్కడ వెలసిన నీలకంఠేశ్వరస్వామి వలన కలిగినది. క్షీరసాగరమథనవేళ పుట్టిన హాలాహలాన్ని లోపలికి మింగక, వెలుపలికి ఉమియక, కంఠమునందే నిలిపిన పరమేశ్వరుని పేరు అక్కడ ఒక వాడ పేరై, ఆటో ఎక్కేవారు పలికే మాటయై, ఉత్తరాల మీది చిరునామాయై నిత్యవ్యవహారంలో కలిసిపోయినది. నిత్యం పలికే నామంలోని అర్థం సాధారణంగా ఎవరికీ స్ఫురించదు. మహమ్మారి సంవత్సరాలలో మాత్రం ఆ అర్థం మేల్కొన్నది. మేల్కొలిపినవారు పండితులు కారు, పౌరాణికులు కారు. రంగుపెన్సిళ్ళు చేతబట్టిన పసివారు.

2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్ వ్యాధిని మహమ్మారిగా ప్రకటించినది. ఆ నెల మధ్యలోనే తెలంగాణలో పాఠశాలలు మూతపడినవి. 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. దేవాలయాలలో నిత్యార్చనలు ఏకాంతంగా జరిగినవి. జూన్ 8వ తేదీ వరకు భక్తులకు ద్వారాలు తెరచుకొనలేదు. ఇందల్వాయి, డిచ్‌పల్లి, ఆర్మూరు మీదుగా ఉత్తరానికి సాగే 44వ జాతీయ రహదారిపై వలసకూలీలు మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని కాలినడకన తమ రాష్ట్రాలకు తరలిపోయినారు. ఇంటింటా పెద్దల నోట వినవచ్చినవి నాటి రోగుల సంఖ్య, మృతుల సంఖ్య మాత్రమే.

ఆ సంఖ్యల మధ్య కూర్చుండి పిల్లలు బొమ్మలు వేసినారు. ముఖానికి మాస్కు కట్టుకొన్న భూగోళం ఆనాటి బాలచిత్రాలలో తరచుగా కనిపించేది. వైరస్ అంటే ముళ్ళబంతి. దానికి రెండు కోరలు, రెండు గుడ్లు. దానిని ఒక అమ్మవారు త్రిశూలంతో పొడిచేది. మరియొక బొమ్మలో తెల్లకోటు ధరించిన వైద్యురాలు సూదితో పొడిచేది. చీపురు పట్టిన పారిశుద్ధ్య కార్మికునికి, లాఠీ పట్టిన పోలీసుకు వెనుక సూర్యబింబం వంటి ప్రభామండలం. తండ్రులు గల్ఫ్ దేశాలలో పనిచేసే కుటుంబాలు ఇందూరు సీమలో అనేకం. ఆ ఇండ్లలోని పిల్లలు విమానాన్ని చిత్రించినారు. 2020 మే 7వ తేదీన వందే భారత్ విమానాలు గల్ఫ్ నుండి స్వదేశీయులను తీసుకొని రావడం మొదలైనది. పిల్లల కాగితాల మీద ఆ విమానాలు అంతకు ముందే దిగినవి.

ఇది ఒక్క ఇందూరులోనే జరిగినది కాదు. అదే మార్చి నెలలో, వ్యాధి దారుణంగా ప్రబలిన ఇటలీలో, పిల్లలు ఇంద్రధనుస్సును చిత్రించి, అంతా చక్కబడుతుందని దాని క్రింద వ్రాసి, కిటికీలకు వ్రేలాడదీసినారు. తరువాత బ్రిటనులోనూ కిటికీలన్నీ ఇంద్రధనుస్సులే. ఆకాశంలో ఇంద్రధనుస్సును చూచినవాడు దానిని ఇతరులకు చూపరాదని మనుస్మృతి నియమం. పసివారికి ఆ నియమం తెలియదు. తమకు కనబడినదానిని వీథికంతటికీ చూపినారు.

ఇచ్చట సాధకునికి ఒక సందేహం కలుగవలెను. శాస్త్రం ఆశను నిందించలేదా? భాగవతం ఏకాదశస్కంధంలో అవధూత తన ఇరువదినలుగురు గురువులలో ఒకరిగా పింగళను పేర్కొన్నాడు. రాత్రి గడచిపోతున్నా విటుని రాకకై ఎదురుచూచి విసిగిన ఆమె ఆశను విడిచిన క్షణాననే సుఖంగా నిద్రించినది. ఆశ పరమదుఃఖమనీ, నైరాశ్యం పరమసుఖమనీ ఆ కథ సారాంశం. అట్లయితే పిల్లల చిత్రాలలోని ఆశను మెచ్చుకొనడం అవిద్యను మెచ్చుకొనడమే కాదా?

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయం ఈ సందేహాన్ని తీర్చగలదు. శోకాన్ని దాటించుమని కోరి వచ్చిన నారదునికి సనత్కుమారుడు నామంతో ఆరంభించి ఒక్కొక్క మెట్టు ఎక్కిస్తాడు. అన్నం, జలం, తేజస్సు, ఆకాశం దాటిన తరువాత స్మృతి వస్తుంది. స్మృతికంటె గొప్పది ఏది అని నారదుడు అడుగగా, ఆశ అని సనత్కుమారుడు సమాధానమిస్తాడు. ఆశచే ప్రజ్వలితమైనప్పుడే స్మృతి మంత్రాలను అధ్యయనం చేస్తుంది, కర్మలను ఆచరిస్తుంది అని దాని తాత్పర్యం. ఆశకంటె గొప్పది ప్రాణం. చక్రనాభియందు ఆకులు కూడినట్లు సమస్తమూ ప్రాణమందే కూడియున్నది.

కనుక ఆశ గమ్యం కాదు. స్మృతికీ ప్రాణానికీ నడుమ ఉన్న మెట్టు. పింగళ విడిచినది పరుల నుండి ధనం వస్తుందనే నిరీక్షణను. సనత్కుమారుడు చెప్పినది నిద్రించిన స్మృతిని కర్మవైపు లేపే జ్వాలను. మహమ్మారికాలంలో పెద్దలకు స్మృతి మాత్రమే మిగిలినది: తెరచిన గుడి, నిండిన బడి, చుట్టాలతో కిక్కిరిసిన పెండ్లిపందిరి. ఆ స్మృతి వారిని శోకంలో ముంచినది. పిల్లలకూ అవే జ్ఞాపకాలు. వారు మాత్రం వాటికి రంగు వేసి, గోడకు అంటించి, రేపటివిగా చేసినారు.

భారతీయ సంప్రదాయంలో చిత్రకళ పుట్టుకే ఇట్టిదని చెప్పే గ్రంథం ఒకటి కలదు. నగ్నజిత్తు పేరిట ప్రసిద్ధమైన చిత్రలక్షణానికి సంస్కృతమూలం లుప్తమైనది. టిబెటు భాషలోని అనువాదం మాత్రమే మిగిలినది. అందులోని కథ ప్రకారం ఒక బ్రాహ్మణుని కుమారుడు అకాలమరణం పొందినాడు. తండ్రి రాజు వద్దకు వచ్చి విలపించినాడు. రాజు యముని అడిగినాడు, యముడు అంగీకరించలేదు, యుద్ధం జరిగినది. అప్పుడు బ్రహ్మ ప్రత్యక్షమై, ఆ బాలుని రూపాన్ని రంగులతో చిత్రించుమని రాజును ఆదేశించినాడు. చిత్రించిన రూపానికి ప్రాణం పోసినాడు. అదే మొదటి చిత్రమట. చిత్రకళ విలాసం నుండి కాక, ఒక ఇంటి దుఃఖం నుండి పుట్టినదని ఈ కథ తెలుపుతున్నది. కథలో ప్రాణం పోసినవాడు చిత్రకారుడు కాదని కూడా గమనింపవలెను. రాజు రూపం మాత్రమే వ్రాసినాడు. ప్రాణం పోసినది బ్రహ్మ.

విష్ణుధర్మోత్తరపురాణం తృతీయఖండంలోని చిత్రసూత్రం మరొక నియమం చెప్పినది. గృహాలలో శృంగార, హాస్య, శాంతరసాలకు చెందిన చిత్రాలే ఉండవలెను; యుద్ధం, శ్మశానం, మరణం, దుఃఖార్తుల రూపాలు ఇంటి గోడలపై తగవు. ఈ నియమాన్ని పిల్లలకు ఎవరూ బోధింపలేదు. అయినను వారి కలం నుండి శ్మశానం వెడలలేదు. కోరల వైరసు సైతం చూచేవారికి నవ్వు పుట్టించేదే గాని భయం పుట్టించేది కాదు. టీవీ తెరపై రేయింబవళ్ళు భయానకరసం ప్రవహిస్తున్న ఇంట, అదే గదిలో రెండవ గోడను హాస్యశాంతాలకు కేటాయించినవారు వారే.

కంఠేశ్వర్‌లో ఒక ఇంట ఏడేండ్ల బాలిక ఉండేది. ఆమె తాత యౌవనంలో బోధను చక్కెర కర్మాగారంలో పనిచేసినవాడు. 1937లో స్థాపితమైన ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినది. మరల తెరవబడుతుందని ఆ ప్రాంతంలో ఎందరో ఎదురుచూచినట్లే ఆయనా ఎదురుచూచినాడు. ప్రతి సోమవారం మనవరాలి వ్రేలు పట్టుకొని నీలకంఠుని దర్శనానికి వెళ్ళడం ఆయన నియమం. 2021 వేసవిలో రెండవ అల వచ్చినప్పుడు ఆయనకు జ్వరం, దగ్గు మొదలైనవి. నాలుగవ నాడు ఆసుపత్రికి తరలించినారు.

ఆ సాయంకాలం బాలిక ఒక బొమ్మ వేసినది. గుడి తలుపులు తెరచి ఉన్నవి, మెట్ల మీద తాత కూర్చుండి ఉన్నాడు, ఆయన కంఠానికి చిక్కని నీలిరంగు. ఇదేమని బాపమ్మ అడిగినది. "తాతకు గొంతుల విషం ఉన్నది గదా బాపమ్మా, శివుడు ఆపినట్లు అక్కడనే ఆపుతడు, కిందికి దిగనియ్యడు" అని బాలిక బదులు చెప్పినది.

తాత తిరిగి రాలేదు. అంత్యక్రియలకు అనుమతింపబడినవారు కొద్దిమందే. పదిరోజుల తరువాత గోడ మీది బొమ్మను చూడలేక కోడలు దానిని తీయబోయినది. వృద్ధురాలు వారించినది: "ఉండనియ్యమ్మా. ఆయన పోయిండు గాని, పిల్ల అన్నది అబద్ధం కాదు."

ఆ మాటలోని తత్త్వం విచారింపదగినది. బాలిక ఆశించినది జరుగలేదు. మరి అది అబద్ధం కాకపోవడం ఎట్లు?

బోధనునే పూర్వకాలపు ఏకచక్రపురమని ఆ ప్రాంతీయుల విశ్వాసం. భారతం ఆదిపర్వంలోని బకవధ జరిగినది ఏకచక్రపురంలోనే. ఊరివారు వంతుల వారీగా బకునికి బండెడు అన్నం, రెండు దున్నలు, ఒక మనిషిని పంపవలెను. ఏ ఇంటికి ఎప్పుడు వంతు వస్తుందో అని దినాలు లెక్కించుకొనే ఊరు అది. 2021 ఏప్రిల్, మే నెలలు చూచినవారికి ఆ ఊరి స్థితిని వర్ణించి చెప్పనక్కరలేదు. పాండవులు తలదాచుకొన్న బ్రాహ్మణగృహానికి వంతు వచ్చినది. నేను పోతానని తండ్రి, కాదు నేనని తల్లి, నేనని కూతురు, అందరూ విలపిస్తున్నారు. అప్పుడు మాటలు పూర్తిగా రాని పసివాడు నవ్వుతూ ఒక్కొక్కరి దగ్గరకు వెళ్ళి ఏడవవద్దని అంటాడు. ఒక గడ్డిపరకను చేతబట్టి, దీనితో ఆ రాక్షసుణ్ణి చంపుతానని చెబుతాడు. అంతటి దుఃఖంలోనూ ఆ ఇంటివారికి సంతోషం కలిగినదని వ్యాసుడు వ్రాసినాడు.

ఆ వెంటనే జరిగినదానిని సాధకులు శ్రద్ధతో గమనింపవలెను. ఇదే తగిన సమయమని ఎరిగి కుంతి వారి దగ్గరకు వచ్చినది. మృతులను అమృతంతో బ్రతికించినట్లుగా వారితో మాటలాడినది. అంతవరకు ఆమె ఏమీ పలుకక వినుచున్నది. శోకం నిండిన ఇంట అన్యుల మాటకు తావు ఉండదు. పసివాని గడ్డిపరక ఆ తావును కల్పించినది. తరువాత బకుని చంపినవాడు భీముడు.

గడ్డిపరకతో రాక్షసుడు చావలేదు. అయినను బాలుని మాట అబద్ధమని వ్యాసుడు అనలేదు. ఆ మాట జరుగబోవుదానిని గూర్చిన జోస్యం కాదు. రాక్షసునికి లోబడి వంతులు పంచుకొనడమే జీవితమని అంగీకరించిన ఇంట, అంగీకరింపని ఒక స్వరం అది. కంఠేశ్వర్ బాలిక చిత్రించిన నీలకంఠమూ అట్టిదే. తాత బ్రతుకుతాడని ఆమె ప్రమాణం చేయలేదు. విషం ఎదురైనప్పుడు దానిని నిలువరించేవాడు ఒకడుంటాడని, అట్టివాడు తన తాతలోనూ ఉన్నాడని చెప్పినది. తాత దేహం నశించినా ఆ వాక్యంలోని సత్యం నశింపదు. ఈశ్వరుని కంఠంలోని నీలిమ ఆ మహాత్మునికి భూషణమైనదని భాగవతం చెబుతున్నది. పరుల తాపాన్ని తమదిగా అనుభవించడమే అఖిలాత్ముడైన పురుషునికి పరమారాధన అని కూడా చెబుతున్నది. ఆసుపత్రులలో రోగుల శ్వాసకు ఎదురుగా నిలిచిన వైద్యులు, నర్సులు, శవవాహనాలు నడిపినవారు ఆ ఆరాధనను చేసినవారే. పిల్లలు వారి తలల వెనుక ప్రభామండలాన్ని వ్రాయడం అతిశయోక్తి కాదు.

భీముడు సైతం వచ్చినాడు. 2021 జనవరి 16న దేశంలో టీకాలు వేయడం ఆరంభమైనది. అందులో ఒకటైన కొవాగ్జిన్ హైదరాబాదులో తయారైనదే. 2022 మార్చి 16 నుండి పన్నెండు నుండి పదునాలుగేండ్ల వయస్సు గలవారికి వేసిన కార్బెవాక్స్ కూడా హైదరాబాదులో తయారైనదే. బొమ్మలలో అమ్మవారి త్రిశూలం పక్కన సూదిని వ్రాసిన పిల్లలలో కొందరు, రెండేండ్ల తరువాత ఆ సూది ఎదుట తామే చేయి చాచినారు. రాజు వ్రాసిన రూపానికి బ్రహ్మ ప్రాణం పోయవలసినట్లు, పసివారి ఆశకు పెద్దల విద్య, శ్రమ తోడు కావలెను. అవి తోడు కాకుంటే ఆశ కాగితమై గోడ మీదనే ఉండిపోతుంది. ఆశకు పైమెట్టుగా సనత్కుమారుడు ప్రాణాన్ని నిలపడంలోని భావం ఇదే అయి ఉండవలెను.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించినది. ఆనాటి పిల్లలు ఎదిగిపోయినారు. వారి బొమ్మలు అనేకం సున్నం వేసేటప్పుడు చిరిగినవి, పాతపుస్తకాలతో పాటు అమ్ముడుపోయినవి. మిగిలినవాటిని పూజాగృహంలో ఉంచనక్కరలేదు గాని, పారవేయరాదు. ఇంట మరల కష్టం కలిగినప్పుడు పెద్దలు దినాలు లెక్కిస్తూ కూర్చుండడం సహజం. అప్పుడు ఏ మూలనో ఒక పసివాడు గడ్డిపరకను చేతబట్టి లేచి నిలుచుంటాడు. నవ్వి ఊరకుండడం సులభం. కుంతి మాత్రం ఆ నవ్వు వినబడిన క్షణాన్నే లేచినది, భీముని పిలిచినది. గృహస్థునికి అనుసరణీయమైనది ఆమె మార్గమే.

శుభం భూయాత్.