ఆ ఫ్లెక్సీలో మా సీనియర్ అన్న

 

మొన్న సెలవులకి శ్రీకాకుళం హాస్టల్ నుంచి సీతంపేట వెళ్తూ పాలకొండలో బస్సు మారాం. ఎదురుగా ఒక కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ. అందులో మా సీనియర్ అన్న! పేరు, వచ్చిన ఉద్యోగం, కింద "మా విద్యార్థి" అని. పొంగిపోయాం. మన కొండ కుర్రోడి మొహం అంత పెద్దగా ఎప్పుడు చూసాం? ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టేసాం.

అది ఎవరి ఫోన్లోనో చూసి మా రూమ్మేట్ వాళ్ల అయ్య, "ఆ బాబు చదివిన కాడికే మావోడినీ పంపుతాను" అన్నాడు. నంబరు మేమే ఇచ్చాం. ఇంక సెంటర్ నుంచి రోజూ ఫోన్లే. "మూడు సీట్లే ఉన్నాయి, సాయంత్రానికి ఫీజు పెరిగిపోద్ది." జీడిపిక్కలమ్మిన డబ్బు 15 వేలు కట్టేసాడు. మావోడు వెళ్లి చూస్తే సగం కుర్చీలు ఖాళీ.

అప్పుడు అన్నకి ఫోన్ చేసాం. "నానక్కడెప్పుడు చదివానురా? ఒక్క ఆదివారం ఫ్రీ మాక్ టెస్టు రాసాను. ఫారం మీద ఫోటో అంటించమన్నారు, కింద ఇంగ్లీషులో ఏటో ఉంది, సంతకం పెట్టేసాను" అన్నాడు. చదివిందంతా మన హాస్టల్ వరండాలోనే.

టీవీలో ఒకటి ఒకటి ఒకటి అని ర్యాంకులు అరిస్తే మేం నవ్వుకునేవాళ్లం. ఫెయిర్ అండ్ లవ్లీ ప్రకటనల్లో నల్లమ్మాయికి తెల్లబడ్డాకే ఉద్యోగం వచ్చేదని తిట్టుకునేవాళ్లం. (2020లో దాని పేరు గ్లో అండ్ లవ్లీ అయ్యింది. మన చెల్లెళ్లు ఇప్పటికీ పాత పేరుతోనే అడిగి కొంటారు.) అన్నీ తెలుసనుకున్న మేము మనోడి మొహం దగ్గర పడిపోయాం. పైగా ఆ ప్రకటనని కొండెక్కించింది మేమే. పైసా తీసుకోకుండా.

దీనికి రూల్స్ ఉన్నాయని తర్వాత తెలిసింది. 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 50 మందికి పైగా చదివే సెంటర్లకి అవి వర్తిస్తాయి. ఫోటో వాడాలంటే ఉద్యోగం వచ్చాక రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ముందే పెట్టించుకున్న సంతకం చెల్లదు. అతను ఏ కోర్సు, ఎన్నాళ్లు, డబ్బు కట్టి చదివాడా లేదా అన్నది ఫోటోతో పాటే రాయాలి. సీట్లు అయిపోతున్నాయని లేని తొందర పెట్టకూడదు. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. డబ్బు ఇంకా రాలేదు.

ఊరి గ్రూపులో ఆ ఫోటో తీసేసి జరిగింది రాసాం. రూమ్మేట్ వాళ్ల అయ్యకి వాట్సాప్ లేదు. రేపు పొద్దున్న బస్సుకి వెళ్లి మేమే చెప్పాలి.