అలమగోర్డో: లెక్క తప్పిన సరకుకు సమాధి

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు దక్షిణపు కొసన, మెక్సికో సరిహద్దును ఆనుకొని ఉన్న ఎల్ పాసో నగరం నుంచి 54వ నంబరు రహదారి పట్టుకొని ఉత్తరంగా సుమారు 90 మైళ్ళు ప్రయాణం చేస్తే అలమగోర్డో అనే ఊరు వస్తుంది. దారి పొడవునా ఎడారి. తుప్పలు, ఇసుక, ఎండ తప్ప కంటికి ఆనే వస్తువు అరుదు. ఊరికి తూర్పున సాక్రమెంటో పర్వతాలు గోడ కట్టినట్లు నిలుచుంటాయి. పడమట చూపు ఆగే చోట మరొక కొండల వరుస. ఈ రెంటి నడుమ పరచుకొన్న తులరోసా లోయలో, 1898లో రైలుమార్గంతో పాటు పుట్టిన ఊరు ఇది. స్పానిష్ భాషలో దాని పేరుకు ‘లావుపాటి కాటన్‌వుడ్ చెట్టు’ అని అర్థం. జనాభా సుమారు 31 వేలు. మన లెక్కలో ఒక తాలూకా కేంద్రం పాటి ఊరు.

అంత చిన్న ఊరికి ఉన్న చరిత్ర మాత్రం చిన్నది కాదు. నైరుతి దిశగా కొన్ని మైళ్ళు వెళితే జిప్సం రేణువులతో ఏర్పడిన తెల్లని ఇసుక తిన్నెలు 275 చదరపు మైళ్ళ మేర పరచుకొని ఉంటాయి. వెన్నెల గడ్డకట్టి నేల మీద నిలిచిందా అనిపించే ఆ ప్రదేశం 2019లో జాతీయ ఉద్యానవనం అయింది. ఊరికి ఉత్తరంగా సుమారు 60 మైళ్ళ దూరాన, 1945 జులై 16 తెల్లవారుజామున, ప్రపంచంలో మొట్టమొదటి అణుబాంబును ప్రయోగాత్మకంగా పేల్చారు. అలమగోర్డో వైమానిక స్థావరంలో మందుగుండు గిడ్డంగి ఒకటి పేలిందని ఆనాడు అధికారులు ప్రకటించి ఊరుకొన్నారు. కొండ వాలున ఉన్న అంతరిక్ష చరిత్ర మ్యూజియం ఆవరణలో, 1961 జనవరి 31న అంతరిక్షంలోకి వెళ్ళి ప్రాణాలతో తిరిగి వచ్చిన ‘హామ్’ అనే చింపాంజీ సమాధి ఉన్నది.

యాత్రికులు ఈ మూడింటినీ చూచి వెళుతూ ఉంటారు. కాని ఇదే ఊరిలో మరొక సమాధి ఉన్నది. అందులో మనిషీ లేడు, మృగమూ లేదు. ఉన్నది అమ్ముడుపోని సరకు. దానితో పాటు, లోకం నమ్మిన కొన్ని అంకెలు.

లారీలు వచ్చిన వారం

1983 సెప్టెంబరు చివరి వారంలో ఎల్ పాసో నుంచి బయలుదేరిన పెద్ద లారీలు ఒకదాని వెనుక ఒకటిగా అలమగోర్డో చేరి, ఊరి చెత్తగుంటలో సరకు దింపసాగాయి. కూరగాయల తొక్కలు, విరిగిన కుర్చీలు పడవలసిన గోతిలో రంగురంగుల పెట్టెలు పడ్డాయి. అవి టెలివిజన్‌కు తగిలించి ఆడుకొనే వీడియో ఆటల కార్ట్రిడ్జిలు. వాటిని తయారు చేసిన సంస్థ పేరు అటారి. ఆ రోజులలో అమెరికాలో వీడియో ఆట అంటే అటారి, అటారి అంటే వీడియో ఆట.

వార్త దాగలేదు. ఊరి పిల్లలు కొందరు గోతిలోకి దిగి చేతికందినన్ని ఏరుకొన్నారు. దుకాణంలో అమ్మానాన్నలు కొనిపెట్టలేని వస్తువు చెత్తలో దొరికితే ఏ పిల్లవాడు ఊరుకుంటాడు? ఆ సంగతి తెలిసి, రోడ్డు ఇంజనుతో పెట్టెలను నలగగొట్టి, పైన కాంక్రీటు పోశారు. అవి పాడైపోయి తిరిగి వచ్చిన సరకు మాత్రమేనని సంస్థ చెప్పింది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని పాడైన సరకును పారవేయడానికి కాంక్రీటు ఎందుకన్న ప్రశ్న ఊరివారి మనసులలో ముప్పై ఏళ్ళు నిలిచిపోయింది.

ఆలు లేదు, చూలు లేదు

అసలు ఆ లారీలు బయలుదేరవలసిన అవసరం ఎట్లా కలిగింది? ఇక్కడే కథకు ప్రాణం ఉన్నది.

వార్నర్ కమ్యూనికేషన్స్ అనే సంస్థ 1976లో 2 కోట్ల 80 లక్షల డాలర్లకు అటారిని కొన్నది. మరుసటి ఏడు విడుదలైన అటారి ఆట యంత్రం నాలుగైదేళ్ళలో ఇంటింటి వస్తువు అయింది. లాభం ఉన్న చోటికి పోటీ రాక మానదు. మాటెల్ సంస్థ ఇంటెలివిజన్ అనే యంత్రాన్ని, 1982లో కొలెకో సంస్థ కొలెకోవిజన్ అనే యంత్రాన్ని తెచ్చాయి. అటారి కూడా అదే ఏడు 5200 అనే కొత్త యంత్రాన్ని బజారులో పెట్టింది. ఏ యంత్రం ఎన్ని ఇళ్ళలోకి వెళ్ళిందన్నదే ఆనాటి వర్తకుల నోట నానే చర్చ.

ఆ చర్చలో ఒక చిన్న పొరపాటు దాగి ఉన్నది. కర్మాగారం నుంచి కొట్టుకు వెళ్ళిన సరకు ఒకటి. కొట్టు నుంచి ఇంటికి వెళ్ళిన సరకు మరొకటి. కాగితం మీద రెంటినీ ‘అమ్మకం’ అనే పిలిచారు. 1981 అక్టోబరులో అటారి తన పంపిణీదారులను పిలిచి, రాబోయే 1982 సంవత్సరమంతటికీ ఎంత సరకు కావాలో ముందే చెప్పమన్నది. అంతకుముందు ఎప్పుడూ అడిగినంత సరకు దొరకలేదు. కనుక వంద కావలసినవాడు రెండు వందలు అడిగాడు. అందరూ అట్లాగే అడిగారు. ఆ కోరికల మొత్తాన్ని చూచి, గిరాకీ అంత ఉన్నదని సంస్థ నమ్మింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఇంతకంటె పెద్ద ఉదాహరణ వాణిజ్య చరిత్రలో అరుదు.

ఇంతలో ‘ఇ.టి.’ అనే చలనచిత్రం 1982 వేసవిలో అమెరికాను ఊపివేసింది. దాని ఆధారంగా ఆట తయారు చేసే హక్కుకు అటారి రెండు కోట్ల డాలర్లకు పైగా చెల్లించిందని చెబుతారు. క్రిస్మస్ నాటికి సరకు కొట్లలో ఉండాలి. మామూలుగా ఒక ఆట తయారు కావడానికి ఐదారు నెలలు పట్టే ఆ రోజులలో, హోవర్డ్ స్కాట్ వార్షా అనే యువకుడు ఈ పనిని ఐదు వారాలలో ముగించవలసి వచ్చింది. ముగించాడు కూడా. సుమారు 40 లక్షల కార్ట్రిడ్జిలు తయారైతే, అమ్ముడుపోయినవి 15 లక్షలని ఒక లెక్క. 15 లక్షలు అమ్ముడుపోయిన వస్తువును లోకం అపజయంగా జ్ఞాపకం పెట్టుకొన్నది! వచ్చిన అంకె చిన్నది కాదు. దాని పక్కన ముందుగా రాసి పెట్టుకొన్న అంకె మరీ పెద్దది.

1982 డిసెంబరు 7న వార్నర్ సంస్థ ఒక ప్రకటన చేసింది. లాభం 50 శాతం పెరుగుతుందని అనుకొన్నవారికి, పెరిగేది 10, 15 శాతమే అని తెలిసింది. తగ్గలేదు, పెరుగుతుంది, అనుకొన్నంత పెరగదు. అంతే. అంతమాత్రానికే మరునాడు వాటాల ధర మూడింట ఒక వంతు పడిపోయింది. దుకాణదారులు సరకును తిప్పి పంపడం మొదలుపెట్టారు. 1983లో అటారికి వచ్చిన నష్టం 50 కోట్ల డాలర్లకు పైమాటే. వేల మంది పనివారు ఉద్యోగాలు పోగొట్టుకొన్నారు. అలమగోర్డోకు వచ్చిన లారీలు ఆ తుపానులో కొట్టుకు వచ్చిన కొమ్మలు.

గొయ్యి తవ్విన రోజు

కాలం గడిచింది. గోతి సంగతి కథగా మారింది. కథ పెరిగి పెద్దదయింది. లక్షలాది ‘ఇ.టి.’ కార్ట్రిడ్జిలు అక్కడ పూడ్చిపెట్టి ఉన్నాయని కొందరు, అంతా కల్పన అని కొందరు వాదులాడుకొన్నారు. చివరకు ఒక డాక్యుమెంటరీ చిత్రం కోసం 2014 ఏప్రిల్ 26న ఆ గుంటను తవ్వారు. ఆ రోజు దుమ్ముగాలి. కళ్ళు తెరవనివ్వని ఆ గాలిలోనే వందలాది జనం నిలబడి చూచారు. వారిలో హోవర్డ్ స్కాట్ వార్షా కూడా ఉన్నాడు. ఆటల పని వదలి మానసిక చికిత్సకుడుగా మారిన ఆ మనిషి, ముప్పై ఏళ్ళుగా తన మెడకు చుట్టుకొన్న అపకీర్తి మట్టిలో నుంచి పైకి రావడాన్ని స్వయంగా చూచాడు.

సుమారు 30 అడుగుల లోతున నలిగిన పెట్టెలు బయటపడ్డాయి. పైకి తీసినవి 1300 పైచిలుకు మాత్రమే. వాటిలో ‘ఇ.టి.’ ఉన్నది నిజమే. కాని ఎక్కువ భాగం ఇతర ఆటలు. ఒకప్పుడు బాగా అమ్ముడుపోయిన ‘సెంటిపీడ్’ వంటివి కూడా అందులో ఉన్నాయి. 1983లో ఆ పనిని జరిపించిన అటారి ఉద్యోగి చెప్పిన ప్రకారం, పూడ్చినవి మొత్తం 7 లక్షల 28 వేలు. అంటే ఒక్క చెడ్డ ఆట ఒక పరిశ్రమను ముంచిందన్న కథను ఆ గొయ్యే కొట్టివేసింది. మంచివీ చెడ్డవీ కలిసి, గిరాకీకి మించి తయారైన సరకంతా అక్కడ ఒకే పక్క మీద పడుకొని ఉన్నది.

నెలకు ఎన్ని వారాలు?

అలమగోర్డో నేర్పిన పాఠం తరువాతి తరం ఎంత నేర్చుకొన్నదో చెప్పడం కష్టం. అంకెల మీద మోజు మాత్రం తగ్గలేదు. అమెరికాలో ఎన్.పి.డి. అనే సంస్థ దుకాణాల లెక్కలు సేకరించి నెలనెలా అమ్మకాల పట్టిక ప్రకటించేది. జపానులో ‘ఫమిత్సు’ అనే పత్రిక వారంవారం లెక్క ఇస్తుంది. నింటెండో, సోనీ, మైక్రోసాఫ్ట్ సంస్థల యంత్రాలలో ఏది ముందున్నదో తెలిపే ఆ పట్టికల కోసం, వాటిలో చిల్లిగవ్వ వాటా లేని విద్యార్థులు, గుమాస్తాలు ఎన్నికల ఫలితాలకు మల్లే ఎదురుచూచారు. వచ్చిన తరువాత తెల్లవార్లూ వాదించుకొన్నారు.

బయటివారికి ఇది వెర్రిగా తోచవచ్చు. కాని అందులో స్వార్థమూ ఉన్నది, అది న్యాయమైన స్వార్థం. ఓడిపోయిన యంత్రానికి కొత్త ఆటలు తయారు చేసేవారు ఉండరు. సేగా సంస్థ తన డ్రీమ్‌కాస్ట్ యంత్రాన్ని నిలిపివేస్తున్నట్లు 2001 జనవరి 31న ప్రకటించింది. అప్పటికి దానిని కొన్న కుటుంబాలు ప్రపంచంలో లక్షల సంఖ్యలో ఉన్నాయి. వారి యంత్రం పాడు కాలేదు. కాని దానికి కొత్త ఆటల రాక క్రమంగా ఆగిపోయింది. పండుగకు ఒక్క యంత్రమే కొనగల ఇంటికి, ఏది నిలుస్తుందో ముందుగా తెలియడం చిన్న విషయం కాదు.

కనుకనే అంకెను చదవడం తెలియాలి. ఆ నెలవారీ లెక్కలో కొన్ని ‘నెలలు’ నాలుగు వారాలవి, కొన్ని ఐదు వారాలవి. డిసెంబరు ఐదు వారాల నెల. ఆ సంగతి మరచి నవంబరుతో పోల్చినవాడు లేని పెరుగుదలను చూస్తాడు. ఒకరి అంకె అమెరికాది, మరొకరిది ప్రపంచమంతటిది. ఒకరిది కొట్టుకు పంపినది, మరొకరిది ఇంటికి చేరినది. అలమగోర్డో గోతిలో పడినవన్నీ ఈ రెంటి మధ్య సందులో పడిన సరకే.

క్రమంగా అంకెలు కూడా మౌనం వహించసాగాయి. ఎన్.పి.డి. 2010 నుంచి పూర్తి లెక్కలను బహిరంగంగా ఇవ్వడం మానింది. 2023లో ఆ సంస్థ పేరే సర్కానాగా మారింది. మైక్రోసాఫ్ట్ 2015లో తన యంత్రాల అమ్మకాల సంఖ్య చెప్పడం ఆపి, ఆడేవారి సంఖ్యను ముందుకు తెచ్చింది. నింటెండో మాత్రం వాటాదారులకు లెక్క చెబుతూనే ఉన్నది: 10 కోట్ల 16 లక్షలకు పైగా పోయిన ‘వీ’ యంత్రం తరువాత, దాని వారసుడు ‘వీ యు’ 1 కోటి 35 లక్షల దగ్గర ఆగిపోయిందన్న చేదు నిజం కూడా ఆ లెక్కలలోనే ఉన్నది.

ఏ పట్టికకూ ఎక్కని ఆటలు మరెన్నో ఉన్నాయి. 1990 దశకంలో మన పట్టణాలలో పిల్లలు ఆడుకొన్న యంత్రాలలో అధిక భాగం జపాను యంత్రానికి అనుకరణలు. వాటితో వచ్చే కార్ట్రిడ్జి మీద ‘9999 ఆటలు’ అని ముద్రించి ఉండేది. ఆడి చూస్తే ఉన్నవి కొన్నే. అవే మళ్ళీ మళ్ళీ వచ్చేవి. కాకిలెక్క అంటే ఏమిటో ఆ పిల్లలకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేకపోయింది.

గోతి నుంచి అద్దాల పెట్టెకు

తవ్వి తీసిన సరకును అలమగోర్డో పురపాలక సంఘం పారవేయలేదు. కొన్నింటిని మ్యూజియాలకు ఇచ్చింది. ఒక ‘ఇ.టి.’ కార్ట్రిడ్జి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు చేరింది. మరి కొన్నింటిని వేలం వేయగా ఊరి ఖజానాకు లక్ష డాలర్లకు పైగా వచ్చింది. ఒక్కొక్క పెట్టె పదిహేను వందల డాలర్ల దాకా పలికింది. కొట్టులో కారుచౌకకు ఇస్తానన్నా ఎవరూ ముట్టని వస్తువు అది.

మిగిలిన లక్షల కార్ట్రిడ్జిలు ఇంకా మట్టి కిందనే ఉన్నాయి. గొయ్యి మళ్ళీ పూడ్చారు. సాయంకాలం ఆ వైపు వెళ్ళేవారికి కనిపించేది ఖాళీ నేల, దాని మీద గాలికి కదిలే ఎండుగడ్డి. దూరాన తెల్లని ఇసుక తిన్నెలు సూర్యాస్తమయానికి గులాబి రంగుకు తిరుగుతాయి. 1983లో ఆ గోతిలోకి దిగిన పిల్లలకు ఇప్పుడు యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. సరకు అమ్ముడుపోయిందా లేదా అన్నది వారికి అక్కరలేకపోయింది. చేతికి చిక్కిన నాలుగు పెట్టెలను చొక్కా కింద దాచుకొని ఇంటికి పరుగెత్తారు. కర్మాగారంలో తయారైన నాటి నుంచి ఎవరికీ అక్కరలేక తిరిగిన ఆ సరకులో, కోరుకొన్న చేతులకు చేరినవి ఆ నాలుగే.