జతకు వచ్చే పేర్లు



మొన్న బుధవారం ప్రార్థన కూటం ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఏడో తరగతి. "నాన్నా, ఈ కోణాల జతలకి పేర్లు రాయాలంట. అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి" అంది. నేను లెక్కలు వదిలేసి చాలా ఏళ్లయింది. అయినా పక్కన కూర్చున్నాను.

పుస్తకం చూసి ఇద్దరం నేర్చుకున్నాం. రెండు కోణాల మొత్తం 90 డిగ్రీలైతే పూరక కోణాలు, 180 అయితే సంపూరక కోణాలు. ఇవి దగ్గరగా ఉండనవసరం లేదు. ఒకటి ఈ పేజీలో, ఇంకొకటి ఆ పేజీలో ఉన్నా మొత్తం సరిపోతే చాలు. ఆసన్న కోణాలు అలా కాదు. రెండింటికీ ఒకే శీర్షం ఉండాలి, మధ్యలో ఒక ఉమ్మడి భుజం ఉండాలి, ఆ భుజానికి ఇటొకటి అటొకటి ఉండాలి. రెండు గీతలు ఖండించుకున్న చోట ఎదురెదురుగా ఏర్పడేవి శీర్షాభిముఖ కోణాలు. అవి ఎప్పుడూ సమానం.

"ఎదురెదురుగా ఉన్నవి సమానం ఎట్లా అవుతాయి?" అని అడిగింది. గీసి చూపించాను. ఒక కోణం 70 అయితే, గీత మీద దాని పక్కది 110. ఆ 110కి అవతలి పక్కనున్నది కూడా 180లో మిగిలిన 70నే. ఎదురెదురు నిలబడ్డ రెండింటికీ మధ్యనున్న పొరుగు కోణం ఒక్కటే, అందుకే సమానం.

తర్వాత ఒక్క కోణం మీద పెన్సిల్ పెట్టి, "మరి ఇది ఏ కోణం?" అంది.

"70 డిగ్రీలు కాబట్టి అల్పకోణం. ఆసన్నమా, శీర్షాభిముఖమా అంటే మాత్రం, దేనికి అని అడగాలమ్మా. అవి జతకు వచ్చే పేర్లు. ఒక్కదానికి రావు."

ఆ మాట నా నోటితో నేనే అన్నాను, అది నాకే గుచ్చుకుంది. మీలో కొందరికి తెలుసు, పొలం గట్టు విషయంలో మా తమ్ముడికీ నాకూ రెండేళ్లుగా మాటల్లేవు. పాస్టర్ అనే పేరు నాకుంది. "అన్నయ్యా" అనే పేరు తమ్ముడు పిలిస్తేనే వస్తుంది. రెండేళ్లుగా ఆ పేరు నాకు లేదు. మా ఇద్దరినీ విడదీసిందని నేను అనుకున్న ఆ గట్టే మా ఉమ్మడి భుజం. అది లేకపోతే మేం పక్కపక్క రైతులం కూడా కాము.

ఆ రాత్రి ఫిలేమోను పత్రిక తెరిచాను. ఒకే అధ్యాయం, 25 వచనాలు. పౌలు ఆ పత్రికలో చేసిన పని ఏమిటి? ఒక జతకు పేరు మార్చాడు. ఫిలేమోను, ఒనేసిము అప్పటిదాకా యజమానుడు, దాసుడు. ఇకమీదట సహోదరులుగా ఉండాలని బతిమాలాడు. ఒనేసిము బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమన్నాడు. ఇద్దరి మధ్య నిలబడి ఆ ఖర్చు తనమీద వేసుకున్నాడు. మన ప్రభువు సిలువ మీద మన కోసం చేసింది ఇదే కదా.

శుక్రవారం ఉదయం పొలానికి వెళ్లాను. తమ్ముడు నీళ్లు కడుతున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక గట్టు మీద నిలబడ్డాను. కాసేపటికి పార కింద పెట్టి, "ఎప్పుడొచ్చావన్నయ్యా?" అన్నాడు. గట్టు సంగతి ఇంకా తేలలేదు. కూర్చుని మాట్లాడుకుందామని మాత్రం అనుకున్నాం.

ప్రియులారా, మీ జీవితంలో ఎవరు పిలవక ఏ పేరు మూగబోయింది? అక్క, వదిన, కోడలు, స్నేహితుడు? ఈ వారం ఆ ఒక్కరి పేరు ప్రార్థనలో ఎత్తండి. తర్వాత ఫోన్ కూడా ఎత్తండి.

సమాధానకర్తయైన దేవుడు మీ ఇంటికి తోడుగా ఉండును గాక. ఆమెన్.